తార్నాకలో నాలుగో కుర్చీ

వయోలా అంటే ఏమిటో మా కాకినాడలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. "వయోలిన్‌కి అక్కలాంటిదండి. ఒళ్లు కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు" అని మొదలుపెడతాను. "అంటే ఫిడేలే కదమ్మా" అంటారు అవతలివాళ్లు. కాసేపు వాదించి, చివరికి "అవునండి, ఫిడేలే" అని ఒప్పేసుకుంటాను. చిన్నప్పుడు చర్చిలో వయోలిన్ నేర్చుకుని, తరవాత చెన్నై వెళ్లి సంగీతం పరీక్షలు రాస్తూ దీనికి మారాను. ఇప్పుడు ఓ ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచర్ని. పిల్లలకు కీబోర్డు నేర్పుతాను, వార్షికోత్సవానికి పాటలు తయారుచేయిస్తాను. వయోలా మాత్రం సాయంత్రాలు మేడ మీద ఒక్కదాన్నే వాయించుకోవాలి. నలుగురి మధ్య ఉండాల్సిన వాయిద్యాన్ని ఒంటరిగా వాయించడమంటే, ఎవరో ఫోన్ మాట్లాడుతుంటే ఒకవైపు మాటలే వినడం లాంటిది.

అలాంటి నాకు ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది సామ్యూల్. తార్నాకలో 'పదహారు తీగలు' అనే చిన్న బృందం అతనిది. రెండు వయోలిన్లు, ఒక వయోలా, మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద చెల్లో ఒకటి. ఒక్కోదానికి నాలుగు తీగలు కాబట్టి ఆ పేరు. వాళ్ల వీడియోలు నేను అప్పటికే ఎన్నోసార్లు చూశాను. వాళ్ల వయోలా అమ్మాయి బెంగళూరు వెళ్లిపోయిందట.

"వారం రోజులు వచ్చి మాతోని వాయించు. కుదిరితే ఉండు, లేకుంటే బిర్యానీ తిని పో" అన్నాడు.

స్కూల్లో సెలవు పెట్టేసి రైలెక్కాను. తిరిగొచ్చాక అందరూ చార్మినార్ చూశావా, గోల్కొండ చూశావా అని అడుగుతున్నారు. అవేమీ చూడలేదు. నేను చూసింది తార్నాక. అదే చెబుతాను.

అంకెల వీధులు

సోమవారం పొద్దున సికింద్రాబాద్‌లో దిగి ఆటో ఎక్కాను. డ్రైవరు అద్దంలోంచి నా భుజం మీది పెట్టెను చూసి, "ఏంది మేడమ్ గది, గిటారా?" అన్నాడు. కాదండి, వయోలా అన్నాను. "అచ్ఛా" అని రెండు సిగ్నళ్లు దాటాక, "మా బామ్మర్ది గూడ గిటార్ కొడతడు" అన్నాడు. ఊరు మారినా నా కష్టం మారలేదన్నమాట.

తార్నాకలో వీధులకు పేర్లుండవు, అంకెలుంటాయి. మా ఊళ్లో అడ్రసు చెప్పాలంటే ఫలానా వారి మిల్లు పక్కన, ఫలానా గుడి ఎదురుగా అంటాం. ఇక్కడ స్ట్రీట్ నంబర్ ఇంత, సీదా పోయి లెఫ్ట్, అంతే. ఆ లెఫ్ట్‌లో ఒక మేడ మీద రెండు గదుల పోర్షన్‌లో రజిత, వాళ్లమ్మ ఉంటారు. రజిత ఆ బృందంలో రెండో వయోలిన్. యూనివర్సిటీలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది. జనగామ దగ్గర పల్లెలో వాళ్లకు పొలం ఉంది. కూతురు థీసిస్ రాస్తూ తిండి మానేస్తోందని వాళ్లమ్మ పొలం కౌలుకిచ్చి వచ్చేసిందట.

"రండండీ అని పిలుస్తారేమో అనుకున్నానండీ, మీరే కిందకొచ్చేశారేంటండీ" అన్నాను మెట్ల దగ్గర.

రజిత పకపకా నవ్వింది. "ఒక్క మాటల మూడు అండీలా? అండీ గిండీ బంద్ చెయ్. నీకన్న ఏడాదే పెద్ద. రజితా అను."

నాకు నోరు తిరగలేదు. మా వైపు కుక్కను అదిలించినా చివర అండీ వచ్చేస్తుంది. వాళ్లమ్మ మాత్రం నన్ను చూడగానే "రా బిడ్డా" అంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి గిన్నెకు అడుగున అద్ది కాల్చిన సర్వపిండి పెట్టింది. గిన్నె ఆకారంలోనే ఊడొచ్చింది. మా తపేలా రొట్టెకు దూరపు చుట్టమనుకోవచ్చుగానీ, కారంలో మాత్రం ఏ చుట్టరికమూ లేదు. కళ్లవెంట నీళ్లు కారుతుండగా బాగుందండీ అన్నాను. "మస్తు తింటున్నది" అని ఆవిడ ఇంకోటి వేసింది.

మర్యాద ఎక్కువైంది

సాయంత్రం సామ్యూల్ వాళ్ల ముందు గదిలో సాధన. ముప్పై దగ్గర పడుతున్న వయసు, సన్నగా ఉంటాడు, మొదటి వయోలిన్ అతనిదే. చెల్లో వాయించే ప్రవీణ్ ఆ గదికి సరిపోనంత మనిషి. చెల్లో కూడా ఆ గదికి సరిపోదు. ఆ రెండూ లోపలికొచ్చాక మేం ముగ్గురం గోడలకు అంటుకుని కూర్చోవాలి.

వాళ్ల బతుకుతెరువు ఏమిటో విరామంలో ప్రవీణ్ చెప్పాడు. పెళ్లిళ్ల సీజన్‌లో రిసెప్షన్లు, అప్పుడప్పుడు సినిమా రికార్డింగులు. "పెండ్లిళ్లల్ల మమ్ములను స్వీటు కౌంటర్ పక్కన కూసోబెడ్తరు. జనం జిలేబీ తీస్కొని మా దిక్కు చూసి ఫొటో దిగుతరు. విననైతే ఎవ్వరు వినరు." ఆ సంపాదనతో మిగతా రోజుల్లో తమకు నచ్చినచోట ఉచితంగా వాయిస్తారు. హాస్టళ్లు, అపార్టుమెంట్లు, ఒక ఆసుపత్రి. కచేరీకి రాలేనివాళ్ల దగ్గరకు తామే వెళ్లాలన్నది రజిత పట్టుదల. జూన్ నుంచి ఏడాదిపాటు జిల్లాల కాలేజీల్లో వాయించడానికి ఒక ట్రస్టు పిలిచింది. ఈ బృందానికి ఇప్పటిదాకా దొరికిన అన్నిటికన్నా పెద్ద అవకాశం అదే. కానీ నలుగురూ ఉంటేనే ఇస్తారు.

వాయించాం. తప్పు ఒక్కటీ పోలేదు. నాకు గాల్లో తేలినట్టుంది. మొదటిసారి ఫోన్‌లో రెండోవైపు మాటలు కూడా వినబడ్డాయి మరి. పాట అయ్యాక సామ్యూల్ గడ్డం గోక్కున్నాడు.

"బాగున్నది. కానీ నీ వయోలా గూడ అండీ అంటున్నది" అన్నాడు. "మేం ముగ్గురం ఏమంటే దానికి తలూపుతున్నవ్. గీడ నలుగురం కొట్లాడాలె. అప్పుడే అది పాట అయితది."

నవ్వేశాను గానీ, గట్టిగానే తగిలింది.

హాస్టల్ మెస్సులో

మంగళవారం క్యాంపస్‌కి వెళ్లాం. మా ఊళ్లో కాలేజీ అంటే ఒక గేటు, ఒక మైదానం. ఇక్కడ గేటు దాటాక మళ్లీ ఊరంత రోడ్లు, వేపచెట్లు, మధ్యమధ్య గుట్టల్లాంటి బండరాళ్లు. ఏ చెట్టు కింద చూసినా గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు. పెద్ద చెల్లో పెట్టెను మోసుకుని నలుగురం నడుస్తుంటే ఒక్కరైనా తలెత్తలేదు. ఉద్యోగం రావాలంటే అంత ఏకాగ్రత ఉండాలి కాబోలు. క్యాంటీన్‌లో ఛాయ్ పదిహేను రూపాయలు, సమోసా అంతే. సమోసాని ఛాయ్‌లో ముంచుకుని తింటున్న ఒక కుర్రాడిని చూసి నేను ఆగిపోతే, ప్రవీణ్ "చూడకు, నాకు గూడ అలవాటే" అన్నాడు.

సాయంత్రం ఆడపిల్లల హాస్టల్ మెస్సులో వాయించాం. భోజనం వేళ. స్టీలు పళ్లేల మోత, గరిటెల మోత, నాలుగొందల కబుర్లు ఒకేసారి. అన్నం గంగాళం పక్కన మాకు కుర్చీలు. మొదటి ఐదు నిమిషాలు మేం వాయిస్తున్నామో లేదో మాకే తెలియలేదు. తరవాత దగ్గరి బల్లలవాళ్లు, వాళ్లను చూసి వెనకవాళ్లు, మెల్లగా సద్దుమణిగారు. అంతలో ఎవరో పచ్చిపులుసు గిన్నె అందుకోబోయి నా కాగితాల మీద ఒలకబోశారు. స్వరాలన్నీ ఉల్లిపాయ ముక్కల మధ్య ఈదుతున్నాయి. ఆ పాటలో మిగిలింది ఊహించుకుని వాయించాను.

అయ్యాక ఒక అమ్మాయి కంచంతోనే వచ్చింది. నిజామాబాద్ వైపు నుంచి వచ్చి ఎమ్మే చదువుతోందట. "అక్కా, నాకు ఒకటి అర్థమైంది, చెప్పాల్నా? వాళ్లు ముగ్గురు ముచ్చట పెడుతున్నరు. నువ్వు ఊ కొడుతున్నవ్."

సామ్యూల్ పైకప్పు వంక చూశాడు. రజిత దగ్గింది. ఆ అమ్మాయి చేతికి కమాను ఇచ్చి వాయించమన్నాను. కీచుమని ఒక్క గీత గీసింది. మెస్సంతా చప్పట్లు. నిజం చెప్పాలంటే, ఆ గీతలో నేను వాయించినదంతటి కన్నా ఎక్కువ ధైర్యం ఉంది.

నీళ్ల మోటారు

బుధవారం హబ్సిగూడలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్. కార్లు బయటకు తీయించి చాపలు, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అసోసియేషన్ సెక్రటరీ రిటైరైన పెద్దాయన, ముందు మాకు ఉప్మా పెట్టించి, దాని మీద పల్లీ చట్నీ పోయించి, "తినుండ్రి, కడుపు నిండితేనే చెయ్యి ఆడుతది" అన్నాడు. ఉప్మాకి పల్లీ చట్నీ ఏమిటని లోపల అనుకున్నాను. రెండో ముద్దకు మా ఊళ్లో ఎందుకు పోయరని అనుకున్నాను.

మొదలుపెట్టి పది నిమిషాలయిందో లేదో, మూలనున్న నీళ్ల మోటారు 'గుంయ్' మని అందుకుంది. సెక్రటరీ పరుగెత్తుకొచ్చాడు. "జర ఆగుండ్రి అమ్మా. ఇయ్యాల నీళ్లు ఇడిసే రోజు. ట్యాంకు నిండకముందే బంద్ చేస్తే నన్ను పైనుంచి కిందకి తిడుతరు."

సామ్యూల్ వయోలిన్ దించేశాడు. జనం లేవబోతున్నారు. నేను మోటారునే వింటున్నాను. ఆ మోతలో ఒక స్వరం ఉంది. మా తీగల్లో ఒకదానిదే, కాకపోతే మాకన్నా వెంట్రుకవాసి ఎక్కువ.

"ఆగండి" అన్నాను. నేనేనా అన్నది అనిపించింది. "అది జి స్వరం. మనకంటే కొంచెం పైన ఉంది. మన తీగలు దానికి కలుపుకుందాం. తంబురా అనుకోండి."

"మోటర్ తోనా?" అన్నాడు ప్రవీణ్.

"మోటరు మనకు సర్దుకోదు కదా."

రజిత నా వైపు ఒకసారి చూసి, తీగల బిరడాలు తిప్పడం మొదలుపెట్టింది. నలుగురం మోటారుకు శ్రుతి కలిపాం. ఆ స్వరం మీదే నడిచే నెమ్మది పాట ఒకటి ఉంది, అది ఎత్తుకున్నాం. సెల్లార్ మొత్తం ఒక పెద్ద వాయిద్యమైపోయింది. స్తంభాలు, చాపలు, మా ఎముకలు అన్నీ మోగుతున్నాయి. ఎవరినీ అడక్కుండా నా వంతు నేను గట్టిగా లాగాను. సామ్యూల్ అదిరిపడి, అంతకన్నా గట్టిగా జవాబిచ్చాడు. కొట్లాట అంటే ఏమిటో తెలిసింది. హాయిగా ఉంది.

సరిగ్గా మధ్యలో ట్యాంకు నిండింది. మోటారు ఆగింది. కాళ్ల కింద నేల తీసేసినట్టయింది మాకు. ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలావిడ కోపంగా అటు తిరిగి, "ఎందుకు బంద్ చేసిండ్రు? మంచిగ పాడుతుండె గదా!" అంది.

మూడో వరుసలో

గురువారం సాయంత్రం క్యాంపస్‌లో ఒక హాల్లో అసలు కచేరీ. టికెట్ లేదు. జనం ముప్పాతిక వంతు నిండారు. మెస్సు అమ్మాయి నలుగురు స్నేహితురాళ్లతో వచ్చింది. సెక్రటరీ గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చారు.

వేదిక ఎక్కి కూర్చుని తలెత్తేసరికి మూడో వరుసలో ఆవిడ కనిపించింది. వీడియోల్లో అన్నిసార్లు చూసిన ముఖం. మేరీ. నేను కూర్చున్న కుర్చీ మొన్నమొన్నటిదాకా ఆవిడదే.

ఆ రోజు వాయించే పాటలో వయోలా ఒక్కటే పాడే చోటు ఒకటుంది. నేను వాయించబోయే ప్రతి స్వరమూ తెలిసిన మనిషి ఎదురుగా ఉంది. భయపడాల్సిందే. ఎందుకో భయం వేయలేదు. ఆవిడకే చెబుతున్నట్టు వాయించాను. ఆవిడ చూపు నా చేతుల మీద లేదు. తలవంచుకుని వింది.

తరవాత సామ్యూల్, ప్రవీణ్ ఆవిడను చుట్టేశారు. "చుట్టాల పెండ్లి ఉంటే వచ్చిన, అట్లనే ఇటు దిక్కు" అంటోంది. రజిత దూరం నుంచే తలూపి, స్టాండ్లు మడవడంలో పడిపోయింది. ఆవిడ నా దగ్గరకొచ్చి, "బాగ వాయించినవ్. నిజంగ" అంది. అప్పుడు చూశాను, ఆవిడ కుర్చీ కింద వయోలా పెట్టె ఉంది.

"వాయిద్యం తెచ్చుకున్నారే?" అన్నాను.

"తీగెలు మార్పిద్దామని."

"బెంగళూరులో దొరకవా అండి?"

మేరీ నన్ను ఒక్క క్షణం చూసి నవ్వేసింది. "మస్తు హుషారున్నవ్ నువ్వు." తరవాత గొంతు తగ్గించింది. "నా జాగ నాకియ్యుండ్రి అని అడుగుదామని వచ్చిన. నువ్వు వాయించింది విన్నంక అడగబుద్ధి కాలే. వాళ్లకు చెప్పకు."

ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. ఆ కుర్చీ నాకు కావాలి. ఎంత కావాలో ఆ సాయంత్రమే తెలిసింది. కానీ విషయం దాచిపెట్టి అందులో కూర్చుంటే నాకు వాయించబుద్ధి కాదు.

బోండాల ముందు పంచాయితీ

శుక్రవారం పొద్దున సామ్యూల్ అందరినీ హబ్సిగూడలో టిఫిన్ సెంటర్‌కి పిలిచాడు, మేరీని కూడా. మేం మైసూర్ బజ్జీ అనేదాన్ని ఇక్కడ బోండా అంటారు. ప్లేటు నలభై. నిలబడే తినాలి. చెప్పాల్సిన మాట నిలబడి చెప్పడమే నయం.

"మేరీ గారు వయోలా తెచ్చుకున్నారు" అన్నాను. "తిరిగొస్తానని అడగడానికే వచ్చారు. నన్ను చూసి ఆగిపోయారు."

 మేరీ తలదించుకుంది. ముందు తేరుకున్నది రజిత.

"పోయేటప్పుడు అడిగినవా మమ్ముల? ఒక మెసేజ్ పెట్టి బస్సెక్కినవ్. పైసలు ఎక్కువిస్తున్నరు అన్నవ్. ఒప్పుకున్న ప్రోగ్రాములన్నీ వాపస్ ఇచ్చినం. మనల్ని పిలిచిన సార్లను బతిమిలాడింది నేను. నా ఫోన్ గూడ ఎత్తలే నువ్వు."

"తప్పే" అంది మేరీ. 

సామ్యూల్ కప్పు కింద పెట్టాడు. "ఏడాది టూర్ మేరీ ఇది. నడుమల పోతే మేం ఖతం. ఉంటవా అంటే ఏమంటవ్?"

"ఉంటా అనే అంట. నువ్వు నమ్ముతవా?"

సామ్యూల్ చూపు బోండాల ప్లేటు మీదికి దించేశాడు. అదే జవాబని అందరికీ అర్థమైంది, మేరీకి అందరికన్నా ముందే. అతను నా వైపు తిరిగాడు. "కృపా, నువ్వుంటవా?"

"ఉంటాను" అన్నాను.

కొంచెం ఆగి చెప్పి ఉంటే మర్యాదగా ఉండేది. ఆగలేదు. పక్కన ఆవిడ నిలబడి ఉండగానే అనేశాను. అన్నందుకు సిగ్గేసింది, వెనక్కి మాత్రం తీసుకోలేదు. ప్రవీణ్ తన ప్లేటులోంచి ఒక బోండా తీసి మేరీ ప్లేటులో వేశాడు. ఆవిడ దాన్ని తినేసింది. ఆ పూట ఆవిడ మీద నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

"ఇవాళ ఆసుపత్రిలో వాయించాలి కదా. మీరు కూడా రండి" అన్నాను.

మేరీ ముఖం మారిపోయింది. వద్దంటుందనుకున్నాను. ఖాళీ ప్లేటు డబ్బాలో పడేసి వచ్చి, "వస్త" అంది.

యాదమ్మ తీర్పు

అది కిడ్నీలు పాడైనవాళ్లకు రక్తం శుద్ధిచేసే వార్డు. మంచం పక్కన మంచం, ప్రతి మంచానికీ ఒక యంత్రం. చేతికి గొట్టాలు పెట్టుకుని నాలుగేసి గంటలు కదలకుండా పడుకోవాలి. వారానికి రెండుసార్లు. మాకు ఇచ్చేది ఇరవై నిమిషాలు. మోత తగ్గించే చిన్న రబ్బరు బిళ్లలు తీగలకు తగిలించుకుని, స్టూళ్ల మీద కూర్చుని వాయించాలి.

మేం లోపలికి అడుగుపెట్టగానే కిటికీ పక్క మంచం మీది యాదమ్మ కేక వేసింది. అరవై దాటిన మనిషి, కూరగాయల బండి నడిపేదట.

"మేరీ! యాడికి పోయినవే బిడ్డా? చెప్పకుంట చెయ్యకుంట!"

మేరీ గుమ్మంలోనే ఆగిపోయింది. నేను నా స్టూలు ఆవిడవైపు జరిపాను. "మొదటిది మీరు వాయించండి." ఆవిడ పెట్టె తెరిచింది. కమాను బిగించి, తీగలు ఒకసారి సరిచూసుకుంది.

నేను యాదమ్మ పక్కన కూర్చున్నాను. ఆ నలుగురినీ బయటి నుంచి వినడం అదే మొదలు. మేరీ వయోలా అడుగునుంచి వచ్చే ఊటలా ఉంది. ఎక్కడ మొదలైందో తెలియదు, చూసేసరికి పాటంతా తడిసి ఉంటుంది. అలా నాకు రాదు. యాదమ్మ గొట్టాలు లేని చేత్తో కళ్లు తుడుచుకుంది.

రెండోది నేను వాయించాను. నాకు వచ్చినట్టే వాయించాను. అయ్యాక యాదమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"గా పిల్ల వాయిస్తే ఏడుపొస్తది. నువ్వు వాయిస్తే నిద్రొస్తున్నది."

నా ముఖం ఎలా అయిపోయిందో ఏమో.

"మొఖం గట్ల పెడ్తవేందే! పొద్దుగూకేదాక గీడ పండి ఉండాలె. ఏడ్సుడు ఇంట్ల గూడ ఏడుస్త. గీడ నాకు నిద్ర కావాలె. నువ్వు మళ్ల రా."

ముందు సిస్టర్ నవ్వింది, తరవాత ప్రవీణ్, ఆపై వార్డంతా. మేరీ నవ్వుతూ నవ్వుతూ రజిత భుజం పట్టుకుంది. రజిత ఆ చెయ్యి తీసేయలేదు.

ప్లాట్‌ఫారం మీద

సాయంత్రం రైలుకి నన్ను ఎక్కించడానికి మేరీ వచ్చింది. ముషీరాబాద్‌లో వాళ్ల ఇంటికి వెళ్లే దారేనంది. నిజానికి దారి కాదని నాకు కూడా తెలిసింది ఆ వారంలో. రైలు ఆలస్యం. పల్లీల పొట్లం కొనుక్కుని బెంచీ మీద కూర్చున్నాం.

వాయించడం గురించి ఏమైనా చెబుతుందనుకున్నాను. మనుషుల గురించి చెప్పింది. "సామ్‌కు కోపమొస్తే సప్పుడు చెయ్యడు. అప్పుడు ఏమన్న తినిపియ్యి. ప్రవీణ్ ఖుషీగ ఉంటే తాళం దాటి ఉరుకుతడు. ఏమనకు, నువ్వు గట్టిగ ఊపిరి తియ్యి, ఆగుతడు. రజిత సాయం అడగదు. థీసిస్ టైముల నువ్వే పోయి అడుగు."

తరవాత అరచేతిలోని పల్లీల పొట్టు ఊదింది.

"నేను పైసల కోసం పోలే" అంది.

ఆ వార్డులో గోడ పక్క మంచం మీద ఒక రిటైరైన రైల్వే గార్డు ఉండేవాడట. వీళ్లు వాయిస్తున్నంతసేపూ దుప్పటి కింద కాలి బొటనవేలితో తాళం వేసేవాడు. మేరీ ఆ వేలినే చూస్తూ వాయించేది. ఒక శుక్రవారం వెళ్లేసరికి ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు.

"నడుమల ఆపేసిన. కమాను లేవలే. వాళ్లు ముగ్గురు ఎట్లనో పూర్తి చేసిండ్రు. ఎవ్వరు ఏం అడగలే. నేను ఏం చెప్పలే. పై వారం మళ్ల పోవాలంటే కాళ్లు రాలే. గంతే, బెంగళూరు పోయిన." నా వైపు తిరిగింది. "నీక్కూడ ఒకరోజు అట్ల అయితది. ఆ రోజు ఆపకు. ఎంత ఖరాబుగ వచ్చినా సరే, ఆఖరు దాక వాయించు. తర్వాత కూసోని నలుగురు మాట్లాడుకోండ్రి."

"ఇది వాళ్లకి చెప్పనా?"

"నువ్వే చెప్పు. నాకు నోరు రాదు."

రైలు మౌలాలి గుట్ట దాటుతుండగా రజితకు ఫోన్ చేసి చెప్పాను.  

"గా గార్డు తాత కోసమా" అంది. "మేం ముగ్గురం గూడ చూసినం ఆ మంచం. బయటికొచ్చి ఛాయ్ తాగినం. ఒక్కలం గూడ ఆయన పేరు ఎత్తలే."

మర్నాడు పొద్దున్నే రజిత స్కూటీ మీద ముషీరాబాద్ వెళ్లిందట. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి, తనే మేరీని బెంగళూరు బస్సెక్కించిందని మాత్రం తెలిసింది.

నేను స్కూల్లో రాజీనామా ఇచ్చేశాను. మే నెలాఖరుకి తార్నాక వెళ్లిపోతాను. మొన్న రజితతో మాట్లాడుతూ, ఆ గోడ పక్క మంచం మీద ఇప్పుడెవరు ఉంటున్నారని అడిగాను. మౌలాలి నుంచి వచ్చే ఒక టైలరట. ఆయన పేరేమిటో, ఏ పాట ఇష్టమో కనుక్కోమన్నాను. నిన్న రజిత మళ్లీ ఫోన్ చేసింది. పేరు అంజయ్య. పాట ఏదైనా ఫర్వాలేదట. కుడి చెవి సరిగా వినపడదు కాబట్టి, కొత్తగా వచ్చే అమ్మాయిని తనకు ఎడమవైపు కూర్చోమన్నాడట.